కాదన్న తర్వాత: పులికాట్, హుదైబియా, ఆర్మగాం

ఊళ్ళో పంచాయతీ ముగిసినప్పుడు "రాజీ కుదిరింది" అంటాము. ఈ 'రాజీ' అరబ్బీ మాట. అరబ్బీలో దానికి సంతృప్తి చెందినవాడు, ఇష్టపడినవాడు అని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి ఏదో ఒకటి వదులుకొని సర్దుకోవడం అనే అర్థం స్థిరపడింది. 'రాజీనామా' మరీ దూరం పోయింది. ఒకప్పటి ఒప్పందపత్రం ఇప్పుడు ఉద్యోగం వదులుకునే కాగితమైంది. 'కౌలు' కథా ఇటువంటిదే. అరబ్బీలో 'ఖౌల్' అంటే మాట, ఇచ్చిన మాట. నవాబుల కాలంలో అది అభయపత్రమై, నేడు కౌలు రైతు నోట భూమి గుత్తగా మిగిలింది. ఉర్దూలో మరొక వింత ఉంది. వైద్యుడు ఇక లాభం లేదని చెబితే "జవాబ్ దే దియా" అంటారు. అంటే కాదనడం కూడా ఒక జవాబే.

ఈ చివరి ప్రయోగంలో ఒక సత్యమున్నది. బేరంలోనో, రాయబారంలోనో, పెళ్ళి సంబంధంలోనో అవతలివాడు కాదన్నప్పుడు మనిషికి ముందు గుర్తుకు వచ్చేది తన పరువు. తలుపు మూశారనుకుంటాడు. నిజానికి అతనికి అందినది ఒక సమాచారం. ఎవరు కాదన్నారు, దేనిని కాదన్నారు, ఎప్పటికి కాదన్నారు అన్న మూడు సంగతులూ అందులోనే ఉంటాయి. వాటిని విడదీసి చదవగలిగినవాడికి తర్వాతి అడుగు దొరుకుతుంది. చదవలేనివాడు కోపంతోనైనా పోతాడు, కాళ్ళయినా పట్టుకుంటాడు.

ఇది పుస్తకాలలోనే చూడవలసిన విషయం కాదు. నెల్లూరు సముద్రతీరమే ఇందుకొక పెద్ద ఉదాహరణ. పదిహేడవ శతాబ్దం తొలి భాగంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకులు ఈ తీరం మీద దాదాపు ముప్పై ఏళ్ళపాటు "కాదు" అన్న మాటనే రకరకాలుగా వింటూ తిరిగారు. ఆ తర్వాత వారు ఏమయ్యారో, ఈ దేశాన్ని ఏమి చేశారో అందరికీ తెలుసు. వారిని పొగడడానికి ఈ ప్రస్తావన కాదు. అప్పటికి వారు బలహీనులు. బలహీనుడు తిరస్కారాన్ని ఎలా ఎదుర్కొన్నాడు, ఎక్కడ చక్కగా ప్రవర్తించాడు, ఎక్కడ తప్పాడు అన్నది పరిశీలించడానికి వారి దినచర్య గ్రంథాలు పనికివస్తాయి.

1611 ఆగస్టులో 'గ్లోబ్' అనే ఓడ పులికాట్ రేవుకు వచ్చింది. కెప్టెను పేరు హిప్పన్. వర్తకం చూసేవాడు ఫ్లోరిస్, పుట్టుకతో డచ్చివాడు, కొలువు ఇంగ్లీషువారిది. అతని దినచర్యను 1934లో హక్లూయిట్ సొసైటీ అచ్చువేసింది. అప్పటికే డచ్చివారు విజయనగర ప్రభువు వెంకటపతి రాయల వద్ద పులికాట్‌కు కౌలు సంపాదించి ఉన్నారు. ఐరోపా నుంచి వచ్చినవారెవరైనా తమ ప్రిన్స్ మారిస్ అనుమతిపత్రం లేకుండా ఇక్కడ వర్తకం చేయరాదని డచ్చి అధికారి ఆ కౌలును చూపించాడు. మా ఇంగ్లండు రాజు ఇచ్చిన అధికారపత్రం మాకున్నదని వీరు బదులు చెప్పారు. మాట మీద మాట పెరిగింది. అప్పుడు కల్పించుకొని ఇరుపక్షాలనూ చల్లబరచినవాడు రేవు అధికారి షాబందరు. రేవు పట్టణపు పాలకురాలు మూడు రోజుల్లో రానున్నది, ఆమె వచ్చేదాకా ఆగమన్నాడు. ఫ్లోరిస్ రాసిన పేరును బట్టి ఆమెను కొండమ్మ అనుకోవచ్చు.

ఆమె వచ్చింది. కెప్టెను ఒడ్డుకు దిగాడు. ఆ రోజు దర్శనం దొరకలేదు, రేపు పిలిపిస్తానన్నది. మరునాడు పిలుపు రాలేదు. డచ్చివారు ఏదో నడిపిస్తున్నారని వీరికి అనుమానం కలిగింది. తామే మనిషిని పంపగా ఆమె ఇచ్చిన జవాబు ఇది: ప్రభువు ఈ హక్కు డచ్చివారికి ఇచ్చి ఉన్నాడు, కావాలంటే మీరు ప్రభువునే అడగండి.

ఈ జవాబును జాగ్రత్తగా చూడాలి. ఆమె వర్తకం వద్దనలేదు, ఇంగ్లీషువారు వద్దని కూడా అనలేదు. ఇది నా చేతిలోని పని కాదన్నది. కాదన్న మాటల్లో సగానికి పైగా ఇటువంటివే ఉంటాయి. గుమాస్తా కాదన్నప్పుడు కచేరీ కాదన్నట్టు, మేనమామ కాదన్నప్పుడు ఇల్లంతా కాదన్నట్టు తీసుకొని చెడిపోయిన సంబంధాలు ఎన్నో. వీరు మాత్రం ఆ మాటను ఉన్నదున్నట్టుగా విన్నారు. ప్రభువు దగ్గరకు పోయిరావడానికి రెండు నెలలు పడుతుంది. ఆపైన డచ్చివారు ప్రభువుకు రెండు ఏనుగులను కానుక పంపబోతున్నారు. రెండు నెలలు ఆగితే పటానీకి పోవలసిన గాలి తప్పిపోతుంది. కనుక దక్కని గౌరవం కోసం కూర్చోకుండా తెరచాప ఎత్తి ఉత్తరానికి, గోలకొండ రాజ్యంలోని నిజాంపట్నానికీ అక్కడి నుంచి మచిలీపట్నానికీ పోయారు. అదే నెలలో మచిలీపట్నం చేరి కొఠీ పెట్టుకున్నారు.

గడప దగ్గర తిరిగి పొమ్మంటే తిరిగి పోవడమే మీకు శుద్ధమైనదని ఖుర్‌ఆన్‌లో అన్నూర్ సూరా 28వ ఆయత్ నేర్పుతుంది. అది ఇళ్ళకు పోయే మర్యాదకు సంబంధించిన ఆదేశమే అయినా, గడప అనేది వ్యాపారంలోనూ ఉంటుంది. తిరిగి పోవడంలో అవమానం లేదని తెలిసినవాడికి మళ్ళీ రావడానికి దారి మిగులుతుంది.

మచిలీపట్నంలో కథ వేరుగా నడిచింది. 1612 మొదట్లో సుంకం విషయమై తగవు వచ్చింది. నూటికి నాలుగు అని మొదట కుదిరిన మాటను గవర్నరు కాదని నూటికి పన్నెండు అడిగాడు. తాను మీర్ వంశస్థుణ్ణి, ప్రవక్త సంతతివాణ్ణి, కనుక ఒక క్రైస్తవుడి మాట కన్నా తన మాటే చెల్లాలని వాదించినట్టు ఫ్లోరిస్ రాశాడు. రాసినవాడు ప్రత్యర్థి గనుక కొంత తగ్గించి చదివినా, ఇటువంటి వాదం మనకు కొత్తది కాదు. లావాదేవీలో సాక్ష్యంగా నిలిచేది వంశం కాదు, రాసుకున్న కాగితం. అప్పులను రాసుకోమని అల్‌బఖరా సూరా 282వ ఆయత్‌లో అంత వివరంగా చెప్పబడినది ఇందుకే. బలప్రయోగానికి సిద్ధపడిన ఇంగ్లీషువారిని ఆపి, ఆనాడు రాజీ కుదిర్చినవారు కూడా ఆ పట్టణపు ముస్లిములే అన్నది మరువరాదు.

రెండేళ్ళ తర్వాత మధ్యవర్తులు లేకపోయారు, లేదా వారి మాట చెల్లలేదు. 1614లో ఫ్లోరిస్ తూర్పు దీవుల నుంచి తిరిగి వచ్చాడు. తనకు రావలసిన బాకీ గవర్నరు ఇవ్వడం లేదు. అడిగిన ప్రతిసారీ రేపు, ఎల్లుండి. ఓడ బయలుదేరే రోజు దగ్గర పడింది. నవంబరులో ఒకనాడు గవర్నరు కుమారుడు వెంకటాద్రి తక్కువ కాపలాతో సుంకపు కచేరీకి వచ్చాడు. ఇంగ్లీషువారు అతన్ని పట్టుకొని పడవలో వేసి ఓడకు చేర్చారు. అతడు బ్రాహ్మణాచారం పాటించేవాడు, ఇతరులు వండినది ముట్టడు. ఓడ మీద అన్నం మానివేసి కూర్చున్నాడు. ఫ్లోరిస్‌కే జాలి కలిగింది. గౌరవస్థులైన ఇద్దరు ముస్లిములు వచ్చి హామీగా ఓడలో ఉంటే ఇతన్ని దించుతానన్నాడు. ఎవరూ రాలేదు. చివరికి పస్తున్న కొడుకు కోసం బాకీ చెల్లింపు జరిగింది.

పని జరిగిందా అంటే జరిగింది. ఈ సంగతిని చమత్కారమైన సాహసంగా చెప్పుకునే చరిత్రకారులూ ఉన్నారు. కానీ ఆ రేవులో ఇంగ్లీషువారికీ అధికారులకూ తగవులు తీరలేదు. 1628లో వారే ఆ రేవు విడిచి పోవలసి వచ్చింది. బాకీ వసూలుకు దొరికిన మార్గం బేరానికి పనికిరాదు. ఎదుటివాడి కొడుకును పట్టుకున్నవాడితో మరొకసారి కూర్చొని మాట్లాడటానికి ఎవరు ఇష్టపడతారు?

ఇక్కడ హుదైబియా గుర్తుకు రాకుండా ఉండదు. అక్కడా ఒక కొడుకు ఉన్నాడు.

హిజ్రీ 6వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 628లో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) సుమారు పద్నాలుగు వందల మంది సహచరులతో ఉమ్రా కోసం బయలుదేరారు. ఖురైషులు మక్కాలో అడుగు పెట్టనివ్వమన్నారు. ఒకరి తర్వాత ఒకరు దూతలు వచ్చారు: బుదైల్, ఉర్వా, చివరికి సుహైల్ బిన్ అమ్ర్. సంధి రాసే వేళ తిరస్కారాలు వరుసగా వచ్చాయి. ప్రారంభంలో 'రహ్మాన్' అన్న నామం తమకు తెలియదని సుహైల్ అడ్డు చెప్పాడు, తమ పాత పద్ధతిలోనే రాయమన్నాడు. అంగీకరించారు. 'దైవప్రవక్త ముహమ్మద్' అన్న మాటకు అడ్డు చెప్పాడు. ఆ మాట మేము ఒప్పుకునేవాళ్ళమైతే మిమ్మల్ని ఆపేవాళ్ళమే కాదు, తండ్రి పేరు రాయండన్నాడు. రాస్తున్న హజ్రత్ అలీ (రజి)కి ఆ మాట తుడిచేందుకు చేయి రాలేదు. ప్రవక్త (సల్లం) తామే తుడిచివేశారు. ఈ ఏడాది రాకూడదు, వచ్చే ఏడాది రావచ్చునన్నాడు. దానికీ అంగీకరించారు.

ఇక్కడ గమనించవలసినది సహనం ఒక్కటే కాదు, లెక్క కూడా. సుహైల్ కాదన్నవి కాగితం మీది రెండు మాటలు, ఒక సంవత్సరం. ఆ రెండు మాటలూ కాగితం మీద లేనంత మాత్రాన అబద్ధం కావు. అతడు ఔనన్నవి పదేళ్ళ శాంతి, మరుసటి ఏట మూడు రోజుల ప్రవేశం, ఏ తెగ అయినా ఇష్టమైన పక్షంలో చేరే స్వేచ్ఛ. ముస్లిములతో సమాన స్థాయిలో కూర్చొని సంధి రాయడం ఖురైషులు అంతవరకూ చేయని పని. తిరస్కారాల గోలలో ఈ అంగీకారాలు చాలామందికి కనబడలేదు. హజ్రత్ ఉమర్ (రజి) వంటివారికే ఆ రోజు మనసు కుదుటపడలేదు.

అప్పుడు వచ్చాడు అబూ జందల్. సుహైల్ సొంత కొడుకు. ఇస్లాం స్వీకరించినందుకు తండ్రే బంధించి ఉంచగా, సంకెళ్ళు ఈడ్చుకుంటూ ముస్లిముల మధ్యకు వచ్చి పడ్డాడు. ఖురైషుల నుంచి వచ్చినవారిని తిప్పి పంపాలన్నది సంధిలో ఒక షరతు. ఇంకా రాయడం పూర్తి కాలేదు గదా అని ప్రవక్త (సల్లం) అన్నారు. అయితే ఏ విషయంలోనూ సంధి లేదన్నాడు సుహైల్. ఈ ఒక్కడిని నా కోసం వదలమని అడిగారు. ఒప్పుకోలేదు. మళ్ళీ అడిగారు. ఒప్పుకోలేదు. ఈ వృత్తాంతం సహీహ్ బుఖారీలో షరతుల ప్రకరణంలో వివరంగా ఉన్నది.

పద్నాలుగు వందల మంది మధ్యలో ఎదుటి రాయబారి కొడుకు ఉన్నాడు. పట్టుకోనవసరం లేదు, తానే వచ్చాడు. వెనక్కి పోనని ప్రాధేయపడుతున్నాడు. అయినా అతన్ని అప్పగించారు. ఆ అప్పగింతలోని బాధను తేలిక చేసి చెప్పడం న్యాయం కాదు. ఆ రోజు అక్కడ ఉన్నవారికి అది ఉపాయంగా కనబడలేదు, గుండె కోతగానే కనబడింది. తర్వాత జరిగినది ఇది. అదే షరతు వల్ల మదీనాలో ఉండలేని అబూ బసీర్ అనే మరొక ముస్లిం సముద్రతీరానికి పోయి స్థావరం ఏర్పరచుకున్నాడు. అబూ జందల్ తప్పించుకొని అతనితో చేరాడు. వారి వల్ల ఖురైషుల వర్తక బిడారులకు దారి కరువైంది. చివరికి ఆ షరతు పెట్టిన ఖురైషులే మనిషిని పంపి, వీళ్ళను మీ దగ్గరకు పిలిపించుకోండి, ఇకమీదట వచ్చినవారిని తిప్పి పంపనక్కరలేదని వేడుకున్నారు. మాట నిలబెట్టుకున్నవారు ఆ షరతును మార్చమని అడగవలసిన అవసరమే రాలేదు.

హుదైబియాలో ఇంకొక ఘట్టానికి దక్కవలసిన శ్రద్ధ దక్కడం లేదు. సంధి ముగిశాక ఖుర్బానీ చేసి తల గొరిగించుకొమ్మని ప్రవక్త (సల్లం) మూడుసార్లు చెప్పినా ఎవరూ లేవలేదు. అది అవిధేయత కాదు, దిగ్భ్రమ. కాబా కోసం బయలుదేరి మధ్యదారిలో వెనుదిరగడం వారికి మింగుడు పడలేదు. ప్రవక్త (సల్లం) గుడారంలోకి పోయి ఉమ్మె సలమా (రజి)తో ఈ బాధ చెప్పుకున్నారు. ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడక బయటకు వెళ్ళి మీరు మీ ఖుర్బానీ చేయండి, మీ తల గొరిగించుకోండి అని ఆమె సలహా ఇచ్చారు. అలాగే చేశారు. చూసి అందరూ లేచారు. సంప్రదింపులకు పోయి కాదనిపించుకొని వచ్చినవాడికి అసలు కష్టం ఎదుటి పక్షంతో కాదు, తనను పంపినవారితోనే. యూనియను నాయకుడికీ, పెళ్ళి పెద్దకూ, పంచాయతీ మెంబరుకూ ఇది అనుభవమే. అక్కడ వాదన పనిచేయదు. ముందు తాను చేసి చూపవలసి ఉంటుంది.

మళ్ళీ నెల్లూరు తీరానికి వద్దాము. పులికాట్‌లో డచ్చివారు 1613 నాటికి గెల్డ్రియా కోట నిలబెట్టుకున్నారు. 1619లో లండనులో ఇరుదేశాల మధ్య కుదిరిన ఒప్పందం మేరకు ఇంగ్లీషువారు కూడా పులికాట్‌లో కొఠీ పెట్టి, కోట ఖర్చులో వాటా భరించారు. ఖర్చు వీరిది, పెత్తనం వారిది. 1623లో విడిచిపెట్టి పోయారు. అటు మచిలీపట్నంలో అధికారుల ఒత్తిడి. ఈ రెండింటి నడుమ 1626లో వారు వెదుక్కున్న చోటే దుగరాజపట్నం. నెల్లూరు జిల్లాలో చిరకాలం ఉండి, 2022లో వాకాడు మండలంతో పాటు తిరుపతి జిల్లాలో చేరిన ఊరు. స్థానిక నాయకుని అనుమతి దొరకడానికి ఆర్ముగం మొదలియారు అనే కరణం తోడ్పడ్డాడనీ, అందువల్లనే కొఠీకి ఆర్మగాం అన్న పేరు వచ్చిందనీ ఆ ప్రాంతపు కథనం.

ఆర్మగాం గొప్ప చోటేమీ కాదు. సముద్రంలో ఇసుక తిప్పలు, ఒడ్డున చిన్న ఊరు. నేత బట్ట మచిలీపట్నమంత దొరకదు. 1628 నాటికి కొఠీ చుట్టూ 12 ఫిరంగులు, కాపలాకు వర్తకులూ సిపాయిలూ కలిసి 23 మంది. ఇంగ్లీషు కంపెనీ ఈ దేశపు తీరంలో కట్టుకున్న తొలి కోటగా దీనిని పేర్కొంటారు. ఆ ఏడాది సెప్టెంబరులో మచిలీపట్నం అధికారుల బాధ భరించలేక అక్కడి వర్తకులు రేవు వదలి పడవలో ఇక్కడికి వచ్చి చేరారు.

ఈసారి ఎవరి కొడుకునూ ఎత్తుకుపోలేదు. వెళ్ళిపోవడమే వారి జవాబు. దాని బలం ఎక్కడున్నదో తెలియాలంటే గోలకొండ సుంకాల పద్ధతి తెలియాలి. రేవు ఆదాయాన్ని గుత్తకు ఇచ్చేవారు. గుత్త పాడుకున్న అధికారి తన గడువులోగా పాట డబ్బు రాబట్టుకోవాలి, పైన మిగిలించుకోవాలి. వచ్చే ఏడాది వర్తకుడు ఉంటాడా పోతాడా అన్నది అతని చింత కాదు. సుల్తానుకు మాత్రం అదే చింత. అంటే బందరులో కాదన్నవాడు వేరు, కాదనడం వల్ల నష్టపోయేవాడు వేరు. పులికాట్‌లో కొండమ్మ జవాబు నుంచి నేర్వవలసిన పాఠమే ఇది. ఆనాడు ఓడకు వ్యవధి లేక ప్రభువు దగ్గరకు పోలేకపోయారు. ఇప్పుడు ఆర్మగాంలో కూర్చునే చోటు ఉన్నది గనుక ఆగగలిగారు. గోలకొండ దర్బారుతో మాట తెంపుకోలేదు. 1632లో సుల్తాను అబ్దుల్లా ఖుతుబ్ షా ఫర్మానా ఇచ్చాడు. ఏటా 500 పగోడాలు చెల్లిస్తే గోలకొండ రేవుల్లో స్వేచ్ఛగా వర్తకం చేసుకోవచ్చు. చరిత్రలో దానికి బంగారు ఫర్మానా అని పేరు. అధికారి కాదన్నదానిని అధికారి చేతనే ఔననిపించడానికి వారు పట్టుబట్టలేదు. అతని పైవాడికి అవసరం కలిగేదాకా కాచుకున్నారు.

సుల్తాను వైపు నుంచి చూస్తే ఇందులో మరొక సంగతి ఉంది. వెళ్ళిపోయినవాడిని తిరిగి పిలవడానికి ఒక నిశ్చితమైన మొత్తాన్ని కాగితం మీద రాయడం ఆ దర్బారు చేసిన తెలివైన పని. కాదన్నవారికి కూడా కాదన్న తర్వాత చేయవలసిన పని ఉంటుంది.

అయితే ఈ కథ నుంచి "ఓపిక పట్టండి" అనే ఒక్క ముక్క తీసుకొని అందరికీ బోధించడం అన్యాయం. ఇదే తీరంలో నేడు వేటకు పోయే బెస్తవాడు వలకో ఇంజనుకో షావుకారు దగ్గర ముందుగా డబ్బు తీసుకొని ఉంటాడు. పట్టిన చేప ఆ షావుకారుకే ఇవ్వాలి. అతడు చెప్పిందే ధర. రొయ్యల గుంట వేసిన చిన్న రైతు సంగతి చూడండి. కిలోకు ఎన్ని తూగుతాయన్న కౌంటును బట్టి ధర. గుంటలో జబ్బు కనబడిందంటే రేపో ఎల్లుండో పట్టుబడి చేయక తప్పదు. కొనేవాడు ఆ ధర లేదంటాడు. రైతుకు ఆర్మగాం లేదు. ఆ రోజు అతనికి ఎంత చక్కటి మాటతీరు ఉన్నా లాభం తక్కువ. తిరస్కారానికి అతడు ఇవ్వగలిగిన జవాబు మూడు నెలల ముందే, గుంటలో పిల్ల వదిలేటప్పుడే నిర్ణయమై ఉంటుంది. మేత ఎవరి దగ్గర అరువు తెచ్చాడు, పట్టుబడి ఎవరికి ఇస్తానన్నాడు, ఇరుగు పొరుగు రైతులతో కలిసి రెండో కొనుగోలుదారును పిలిపించుకోగలడా అన్న వాటి మీద అది ఆధారపడుతుంది. కూర్చునే చోటు లేనివాడికి సహనం నేర్పడం కన్నా చోటు చూపడం మేలైన సేవ. వడ్డీ లేని అప్పు గూర్చి మాట్లాడే మన సంస్థలు ఈ తీరగ్రామాలలో చేయవలసిన పని ఇక్కడే ఉన్నది.

దుగరాజపట్నం పేరు మన కాలంలో మరొకసారి వినబడింది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో అక్కడ పెద్ద ఓడరేవు నిర్మిస్తామనీ, మొదటి దశ 2018 చివరికి పూర్తిచేస్తామనీ రాశారు. సమీపంలో శ్రీహరికోట రాకెట్ కేంద్రం, ఉత్తరాన కృష్ణపట్నం రేవు. అక్కడ రేవు గిట్టుబాటు కాదని తేల్చి వేరే చోటు చూపమని కేంద్రం అడిగింది. రాష్ట్రంలో కొందరికి ఇది చట్టం ఇచ్చిన మాటను తప్పడమే. ఆ ఆవేదనలో న్యాయం లేకపోలేదు. అయినా కాదన్నది చోటును గాని రేవును కాదని చదివినవారు రామాయపట్నం వైపు చూశారు. అక్కడ రేవు పనులు రాష్ట్రమే చేపట్టింది, 2022లో నిర్మాణం మొదలైంది.

చివరగా ఔనన్న మాట గూర్చి. కాదన్నప్పుడు ఒళ్ళంతా చెవులు చేసుకొని వినేవాడు, ఔనన్నప్పుడు సంతోషంతో సగమే వింటాడు. ఆర్మగాం కొఠీకి చివరి అధికారి ఫ్రాన్సిస్ డే. నేత బట్ట చాలక, స్థానిక నాయకుడితో పొసగక, అతడు దక్షిణాన కొత్త చోటు వెదికాడు. 1639లో వందవాసి ప్రభువు దామర్ల వెంకటప్ప నాయకుడు మద్రాసు వద్ద స్థలమిస్తూ పత్రం రాసి ఇచ్చాడు. అక్కడ బట్ట నూటికి ఇరవై పాళ్ళు చవక అని డే పైవారికి రాశాడు. కోట నాయకుడే తన ఖర్చుతో కట్టిస్తాడని పత్రాన్ని చదువుకున్నాడు. తీరా పని మొదలయ్యే వేళకు నాయకుడు తాను అటువంటి మాట ఇవ్వలేదన్నాడు. ఏళ్ళ తరబడి తిరస్కారాలను అక్షరం అక్షరం చదివిన కొఠీవారు అంగీకారపత్రాన్ని మాత్రం తమకు కావలసినట్టు చదువుకున్నారు. కోటకు తెచ్చే అప్పు మీద వడ్డీ తానే భరిస్తానని డే మాట ఇవ్వవలసి వచ్చింది. 1640 ఫిబ్రవరిలో అతడూ, పై అధికారి కోగనూ ఆర్మగాం విడిచి, సామాను ఓడలకెత్తి, ఇంకా గోడ లేవని మద్రాసు ఇసుక మీద దిగారు.